ఇంటి మడి

"ఏ బానలోంచి కొలిచావే?"

పొద్దున్నే రావమ్మ తవ్వ చేతపట్టుకుని వంటింట్లో అడుగుపెట్టగానే అత్తగారు బుల్లెమ్మ వసారాలోంచి వేసే మొదటి ప్రశ్న ఇది. మూడేళ్ళ నుంచీ ఒక్క పూట తప్పలేదు. ఆవిడ దేవుడికి దీపం పెట్టడం మరిచిపోయిన రోజులున్నాయి గాని, ఈ ప్రశ్న మరిచిపోయిన రోజు లేదు. "బొట్టు బానలోంచే అత్తయ్యా" అంటుంది రావమ్మ. "మరి పనివాళ్ళకో?" "రెండో దాంట్లోంచి." అప్పటికి గాని ఆవిడ వక్కపొడి నోట్లో వేసుకోదు.

వంటింటి మూల రెండు బానలున్నాయి. మెడ మీద సున్నంతో బొట్టు పెట్టిన దాంట్లో ఇంటి మడి బియ్యం. ఇంటి మడి అంటే దొడ్డి వెనక, కాలవ తూముకు ఆనుకుని ఉన్న ఎకరం చెక్క. పేడ ఎరువు, తొక్కించిన జీలుగు రొట్ట తప్ప దానికి మరో మేత తెలియదు. పాతకాలపు కృష్ణకాటుక వడ్లే వేస్తారు. బొట్టు లేని బానలో పొలం బియ్యం. ఊరి దిగువ పన్నెండెకరాల్లో యూరియా పిండి చల్లి, ఎండ్రిన్ మందు కొట్టి పండించిన ఐ.ఆర్. ఎనిమిది. ఆ దొడ్డు బియ్యం పాలేర్లకు, కూలివాళ్ళకు, గుమ్మంలోకి వచ్చిన బిచ్చగాడికి. బెజవాడ భవానీపురంలో ఉన్న ఆడపడుచుకు పండగకో బస్తా బస్సు మీద వెళుతుంది గాని, అది బొట్టు బానదే. మనవాళ్ళు కదా మరి. రెండు రకాల బియ్యం, రెండు ఎసళ్ళు, రెండు పొయ్యిలు, వార్చే గంజి కూడా రెండు. ఇన్నిటికీ చేతులు మాత్రం రెండే, అవీ రావమ్మవే.

ఈ బానల ఏర్పాటు ఎవరిదని అడిగితే ఊళ్ళో అందరూ ఆమె భర్త రామకోటేశ్వరరావు పేరే చెబుతారు. పామర్రు చుట్టుపక్కల అంత ముందుచూపున్న రైతు లేడని అతనికి పేరు. నిజానికి అది రావమ్మ ఏడ్చి అడిగి పుచ్చుకున్న వరం. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆ ఇంట్లో ఆమె మాట చెల్లింది ఆ ఒక్కసారే. చేలో మందు కొట్టడం మొదలుపెట్టిన ఏడు, ఆమె భర్తకు అన్నం కారియర్ తీసుకుని పొలం వెళ్ళేసరికి గట్టు పొడుగునా కప్పలు వెల్లకిలా పడి ఉన్నాయి. ఒక కొంగ నీళ్ళలో నిలబడలేక తూలుతోంది. అప్పటికి పాప ఏడాది పిల్ల. రావమ్మ గబగబా ఇంటికొచ్చి, కొట్టంలో చూరుకు వేలాడుతున్న మందు డబ్బా దించి చదివింది. ఎనిమిదో తరగతి దాకా చదివిన చదువు ఆ రోజు గాని అక్కరకు రాలేదు. పుర్రె బొమ్మ కింద చిన్న చిన్న అక్షరాలు. చేపలకు, పశువులకు, మనుషులకు ప్రమాదం. మందు కొట్టిన చేలో నీళ్ళు బయటికి వదలరాదు.

ఆ సాయంత్రం భర్త కాళ్ళ దగ్గర కూచుని, "ఏమండీ, పాపకి ఆ బియ్యం పెట్టలేనండీ. ఇంటి వెనక మడి ఒక్కటీ మందు లేకుండా ఉంచండి" అని ఏడ్చింది. "నీకేం తెలుసే పిచ్చిదానా, డబ్బాల మీద అలాగే రాస్తారు" అని అతను నవ్వాడు. నవ్వినా, మర్నాటికి ఒప్పుకున్నాడు. నా మాట విన్నారు, నా మాట విన్నారు అనుకుంటూ వారం రోజులు రావమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు. తన ఆలోచన తన పిల్ల కంచం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయిందని ఆమెకు అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోస్తోంది. తోచి, తినే ప్రతి ముద్దలోనూ అడ్డం పడుతోంది.

మందు కొట్టిన రోజు అతని చొక్కా, పంచె ఉతకడం కూడా ఆమె పనే. చాకలి హనుమయ్య రెండుసార్లు ఉతికి, "ఈ బట్టలు నేను పట్టనమ్మా, చేతులు పొక్కుతున్నాయి" అని మొహం మీదే చెప్పేశాడు. చాకలికి ఉన్న ఆ వీలు పెళ్ళానికి ఎక్కడిది? రావమ్మే వాటిని కాలవ రేవులో జాడించేది. తమ రేవుకు దిగువన, పిలిస్తే పలికేంత దూరంలో పేట వాళ్ళు బిందెలు ముంచుకునే రేవు ఉంది. నీళ్ళు ఎటు పారుతున్నాయో చూడకుండా ఉతకడం ఆమె అలవాటు చేసుకుంది.

ఆ పేటలోనే, మాత గుడి పక్క సందులో శౌరమ్మ ఇల్లు. కలుపు తీసే ఆడవాళ్ళందరికీ ఆవిడే పెద్ద. రావమ్మకు తల్లి వయసు. పని దిగాక పెరటి గుమ్మం దగ్గర నిలబడి, ఒడిలోంచి గుప్పెడు పొన్నగంటి కూరో, గంగపాయల కూరో తీసి గడప మీద పెట్టి, "పాపకి పప్పులో వెయ్యండమ్మగారూ, కళ్ళకి మంచిది" అనేది. రావమ్మ ఆవకాయ బద్ద ఒకటి ఆకులో పెట్టి ఇచ్చేది. ఆ ఇంట్లో రావమ్మతో పని చెప్పడానికి కాకుండా మాట్లాడడానికే మాట్లాడే మనిషి శౌరమ్మ ఒక్కతే.

"వానాకాలం నాలుగు నెలలూ మేం కూర కొనుక్కుని ఎరగమండి" అనేది శౌరమ్మ. "గట్టు మీద ఆకు, మడిలో చేప, కాలవలో నత్త. చేనంటే గింజ దొరది, కూర మనది అనేది మా అమ్మ. ఇప్పుడు చూడండి, బెజవాడ నుంచి లారీలో దిగిన వడిలిపోయిన వంకాయల కోసం ఎగబడుతున్నాం. కొత్త వడ్లొచ్చాక గింజ పెరిగిందండి, కాదన్ను. చట్టి ఖాళీ అయిపోయింది."

మందు కొట్టిన చేలో ఎవరూ దిగకుండా, ఆకు కోయకుండా ఒక గుర్తు ఉండేది. గట్టు మూల ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతేవారు. గుడ్డ ఉన్నన్నాళ్ళూ ఆడవాళ్ళు ఆ చేను వంక చూసేవారు కాదు. ఆ గుడ్డ రావమ్మ పాత ఎర్రచీరలోంచి చింపిందే. చిరిగిన చీర కూడా ఒకందుకు పనికొచ్చిందని ఆమె లోలోపల మురిసిపోయేది.

మూడో ఏడు ఆగస్టులో మొవ్వు పురుగు పడింది. చేలు చూస్తూ చూస్తూ తెల్లబడిపోతున్నాయి. రామకోటేశ్వరరావుకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. పద్నాలుగో తారీకు పొద్దున పళ్ళు తోముకుంటూ అన్నాడు. "నిన్న సాయంత్రం మీద చేలో మందు కొట్టించాను. ఇవాళ కింద చేలో కలుపు తీయిస్తున్నా. మజ్జిగ తెచ్చినప్పుడు నువ్వు నోరెత్తకు. మందు పేరు వింటే ఒక్కత్తీ దిగదు."

"నీళ్ళు మీద చేలోంచే కదండీ కింద చేలోకి వచ్చేది?"

"గండి పూడ్చమన్నాను."

"పూడ్చారా?"

అతను తుపుక్కున ఉమ్మి, "నువ్వెళ్ళి వ్యవసాయం చెయ్యి, నేను అంట్లు తోముతా" అన్నాడు. వసారాలో బుల్లెమ్మ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో ఆ మాట అయిపోయింది. పాలు పితకడానికి కొట్టంలోకి వెళితే ఎర్రగుడ్డ కర్ర గోడకు చేరగిలబడే ఉంది. రావమ్మ దాన్ని చూసింది. చూసి, దూడను విప్పింది.

మధ్యాహ్నం మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని గట్టెక్కేసరికి గండి తెగి ఉంది. మీద చేని నీళ్ళు గలగలమని కిందికి దిగుతున్నాయి. కలుపు మొక్కలు పట్టుకుని నడుం వంచిన ఆడవాళ్ళు నవ్వుకుంటూ ఒకరినొకరు కేకేసుకుంటున్నారు. శౌరమ్మ ఎదురొచ్చి ఒడి విప్పి చూపించింది. ఒడి నిండా చేపలు. పరిగెలు, జెల్లలు, జానెడేసి కొరమీనులు రెండు. పైన చేరెడు పొన్నగంటి కూర.

"ఎన్నాళ్ళయిందండి చేలో ఇన్ని చేపలు కనపడి! మావు పెట్టలేదు, వల వెయ్యలేదు, తేలి వచ్చి చేతికి తగులుతున్నాయి. రేపు మాత పండగ కదండి. మా తెరేసు పురిటికొచ్చిన కాడ్నించీ చేపల పులుసు, చేపల పులుసని ప్రాణం తీస్తోంది. మరియతల్లే పంపించింది." అని, ఒక్క క్షణం ఆగి రావమ్మ మొహంలోకి చూసింది. "మందేం కొట్టలేదు కదండి? గుడ్డ కర్ర కనపడలేదు. కొడితే చెప్పకుండా దింపరులెండి మీరు."

శౌరమ్మ కూతురు తెరేసమ్మకు ఏడో నెల. మొన్ననే దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి, సిగ్గుపడుతూ చింతకాయ పచ్చడి అడిగి పట్టుకెళ్ళింది. రావమ్మ నోరు తెరిచింది. ఎదురు గట్టు మీద గొడుగు కింద నిలబడ్డ భర్త ఇటే చూస్తున్నాడు. ఆమె నెత్తి మీది కుండ గట్టు మీదికి దించింది.

"ఎండగా ఉంది, మజ్జిగ తాగు శౌరమ్మా" అంది.

ఆ తరువాత ఎన్ని వందలసార్లు తలచుకుందో ఆ మాటను. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఉత్త మజ్జిగ మాట.

శౌరమ్మ ఎప్పటిలాగే ముందు వాటా ఆమెకే పెట్టింది. ఒక కొరమీను, గుప్పెడు పరిగెలు, సగం కూర. "ఈ పూట పులుసు పెట్టుకోండి, రేపటికి ఊరి బాగుంటుంది. మేమూ ఈ పూటే పెడతాం, తెరేసు రేపటిదాకా ఆగదు" అంది. రావమ్మ అవి కొంగులో పుచ్చుకుని ఇంటికి తెచ్చింది. పెరట్లో అరటి చెట్టు మొదట్లో గునపంతో గొయ్యి తీసింది. పైపైన పూడిస్తే పిల్లి తవ్వుకుని తింటుందేమోనని మోచేతి లోతు తీసి పాతిపెట్టింది. పైన రాయి కూడా పెట్టింది.

రాయి పెట్టి లేచింది. పిల్లి సంగతి చూశాను, మరి తెరేసమ్మ? ఇంకా పొద్దు గూకలేదు. పేట ఎంత దూరం? రేవు దాటితే పది గడపలు. ఇప్పుడే పొయ్యి రాజేసి ఉంటారు. పరిగెత్తి వెళ్ళి చట్టి తన్నేసి వచ్చినా చాలు, కారణం తరువాత చెప్పుకోవచ్చు. పెరటి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. గడియ సగం తీసింది కూడా. "ఏమేవ్, కాఫీ ఏదీ?" అని లోపలి నుంచి అత్తగారు కేకేసింది. ఆయన పొలం నుంచి వచ్చినట్టున్నారు. ఇప్పుడెక్కడికని అడిగితే ఏం చెప్పాలి? నిజం చెబితే ఆయన ఊరుకుంటారా? ఏమీ కాదేమో, రోజూ ఎంతమంది తినడం లేదు? ఇలా తనకు తనే సర్దిచెప్పుకుంటూ రావమ్మ గడియ వేసేసి కాఫీ కలపడానికి వెళ్ళింది. ఎనిమిదేళ్ళలో ఆ కేకకు ఆమె పలకని రోజు లేదు. ఆ రోజైనా పలకకుండా ఉండవలసింది.

మర్నాడు పండగ గంట మోగలేదు. కల్లాపి చల్లుతుంటే పేట నుంచి మాణిక్యం ఆయాసపడుతూ వచ్చింది. "తెరేసుకి తెల్లారగట్ల మూర్ఛలొచ్చాయండి. ఒళ్ళంతా కొయ్యబారిపోయింది. శౌరమ్మకీ ఒకటే వాంతులు. బండి కట్టి పామర్రు తీసుకెళ్ళారు. పాత దుప్పటేమన్నా ఉంటే ఇవ్వండమ్మగారూ."

రావమ్మ కొత్త దుప్పటే ఇచ్చింది. అందుకు బుల్లెమ్మ వారం రోజులు సాధించింది.

సాయంత్రానికి తెలిసింది. తల్లి బతికింది, బిడ్డ పోయింది. గుర్రపువాతమట, కడుపుతో ఉన్నవాళ్ళకు అలా మూర్ఛలొస్తాయట. మరి శౌరమ్మ వాంతులేమిటంటే, పండగ ముందురాత్రి తిన్నది అరక్క అన్నారు. ఊరంతా నమ్మింది. రామకోటేశ్వరరావు భోజనం దగ్గర, పక్కకు చూస్తూ, "పురిటి రోగం. మనకేం సంబంధం?" అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. రావమ్మ ఏదో అనబోతే బుల్లెమ్మ అందుకుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే అమ్మా. కడుపులో చల్ల కదలకుండా గడుస్తోంది సంసారం, నువ్వు కదిలించకు."

మంచి నోరంటే మూసిన నోరని ఆమెకు పెళ్ళయిన మొదటి ఏడే చెప్పారు. మూసీ మూసీ అది ఎంత బాగా అలవాటైందంటే, తెరవవలసిన ఒక్క క్షణంలో కూడా తెరుచుకోలేదు. ఆయన భయపెట్టాడని అనుకుంటే కొంత తేలిగ్గా ఉంటుంది. కాని ఆయన ఆమెను కొట్టలేదు, తిట్టలేదు, గొడుగు కింద నిలబడి ఊరికే చూశాడు. ఆ చూపుకే తను ఒక బిడ్డను ఇచ్చేసింది. చంపింది మందేమో. చెప్పనిది మాత్రం తనే. బొట్టు బాన మూత తీసిన ప్రతిసారీ పాప ప్రాణం చల్లగా ఉందన్న ధైర్యం వచ్చేది ఇదివరకు. ఇప్పుడు మూత తీస్తే తెరేసమ్మ కనపడుతోంది, చింతకాయ పచ్చడి ఆకులో పట్టుకుని.

పదకొండో రోజున శౌరమ్మ పెరటి గుమ్మంలోకి వచ్చింది. సగానికి సగం అయిపోయింది మనిషి. అయినా గడప మీద గుప్పెడు పొన్నగంటి కూర పెట్టింది. "మా గుడి దొడ్లోదండి" అంది. కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, చుట్టూ చూసింది. పాప అరుగు మీద లక్కపిడతలతో ఆడుకుంటోంది. శౌరమ్మ దాన్ని తేరిపార చూసి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

"బాగుంది తల్లి. మీకూ ఇచ్చాను గదండి ఆ చేపలు. మంచంలో పడి లేవలేక, పాపకేమన్నా అయిందేమోనని పది రోజులూ చచ్చి బతికానండి. అడిగిద్దామంటే నోరు రాలేదు. తప్పు చేసిందాన్ని కదా, చచ్చిన చేపలేరుకుని ఆశపడ్డాను. మా తెరేసు బిడ్డతో పోయింది, మీ బిడ్డని చల్లగా చూసింది మరియతల్లి."

 రావమ్మ గడప పట్టుకుని అక్కడే, శౌరమ్మకు ఎదురుగా కింద కూచుంది.

"మేం తినలేదు శౌరమ్మా."

"మంచి పని చేశారండి. వండలేదా?"

"వండలేదు. పాతిపెట్టాను."

"పాతిపెట్టారా? ఎందుకండి?"

"పిల్లి తింటుందని."

శౌరమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమవుతున్నకొద్దీ ఆమె మొహంలోంచి నెత్తురు దిగిపోవడం రావమ్మ చూసింది. చూపు తిప్పుకోకుండా చూసింది. "ముందురోజు మీద చేలో మందు కొట్టారు. నాకు తెలుసు. కర్ర కొట్టంలోనే ఉంది, అదీ చూశాను. నువ్వు అడిగితే చెప్పలేదు. తప్పు నీది కాదు శౌరమ్మా, నాది" అంది.

తిడుతుందనుకుంది. మన్నెత్తి పోస్తుందనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.  శౌరమ్మ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, గడప మీద పెట్టిన కూర తీసి మళ్ళీ ఒడిలో వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు తెలవారుతూనే రావమ్మ పెట్టెలోంచి ఎర్రచీర తీసింది. పాతది కాదు, పుట్టింటి వాళ్ళు పెట్టిన చీర. దాన్ని పరపరా చింపింది. అంతకు రెండు రోజుల ముందే మందు కొట్టించిన తూర్పు చేలోనే ఆయన ఇవాళ కలుపుకు చెప్పాడని ఆమెకు తెలుసు. ఆయన లేవకముందే వెళ్ళి, ఆ చేను నాలుగు మూలలా నాలుగు కర్రలు పాతి, గుడ్డలు కట్టి వచ్చింది. వచ్చి, కాళ్ళు కడుక్కుని, తవ్వ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

"ఏ బానలోంచి కొలిచావే?" అంది వసారాలోంచి బుల్లెమ్మ.

"ఒక్క బానలోంచే అత్తయ్యా" అంది రావమ్మ. ఆవిడ వక్కపొడి వేసుకుంది. ఆ పూట ఒకే పొయ్యి మండింది.

మధ్యాహ్నం రామకోటేశ్వరరావు కణకణలాడుతూ వచ్చాడు. కూలీలు గట్టు దాకా వచ్చి, గుడ్డలు చూసి, ఒక్కత్తీ కాలు పెట్టకుండా తిరిగి వెళ్ళిపోయారు. "ఎవడు పాతాడు ఆ కర్రలు? తిన్నింటి వాసాలు లెక్కపెట్టేది ఎవరు?"

"నేనేనండీ. కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతాను."

అతను కాళ్ళు కడుక్కుని వచ్చాడు. పీట వాల్చుకుని కూచున్నాడు. పక్కన పాప చిన్న కంచం ముందు పెట్టుకుని మఠం వేసుకుని కూచుంది. రావమ్మ ఇద్దరికీ వడ్డించింది. మూలన తన కంచంలోనూ పెట్టుకుంది. అతను పప్పు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. నములుతూ నములుతూ ఆమె వంక చూశాడు.

"ఇదేం అన్నం?"

"పొలం బియ్యమండీ. బొట్టు బాన పొద్దున్నే పేటకి పంపించాను. ఈ ఇంట్లో ఇక రెండు రకాలు వండను. తింటే అందరం అదే తిందాం, లేకపోతే అన్ని చేలూ ఇంటి మడిలాగే పండించండి. మందు వల్ల ఏమీ కాదంటారుగా మీరు."

వసారాలో వక్కపొడి నమలడం ఆగిపోయింది. అతను ఏదో అనబోయాడు. అప్పుడే పాప నెయ్యి కలిపిన ముద్ద చేసి నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. ఎంగిలి చెయ్యనైనా చూసుకోకుండా రామకోటేశ్వరరావు వంగి, పిల్ల చేతిలో ముద్ద కొట్టేసి, కంచం ఒక్క లాగు లాగాడు. మెతుకులు నేలంతా చెదిరాయి. పాప బిక్కమొహం వేసింది. అతను ఆ కంచం అంచు వదలకుండా అలాగే ఉండిపోయాడు, భార్య వంక చూడలేక.

రావమ్మ వంగి మెతుకులు ఎత్తసాగింది. ఎత్తుతూ, తల ఎత్తకుండానే అంది.

"ఆ రోజు తెరేసమ్మ కంచం నేనిలా లాగవలసిందండీ."